లాన్ మూవర్ హ్యాండిల్ దగ్గరి కడ్డీని కట్టేసి వాడవచ్చా?

కొత్తిల్లు_ఫ్రిస్కో
ఈ వసంతంలోనే మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కొని చేరాము. పచ్చిక కోయడానికి మనిషిని పెట్టుకునే బదులు నేనే కోసుకుందామని, మా వీధిలో ఇల్లు ఖాళీ చేసి వెళ్తున్న ఒకాయన దగ్గర 21 అంగుళాల పెట్రోలు మూవర్ తీసుకున్నాను. వెనక నడుస్తూ నెట్టే రకం. ఇంజను మంచి స్థితిలోనే ఉంది, తాడు రెండుసార్లు లాగేసరికి స్టార్టవుతోంది. అయితే హ్యాండిల్‌తో కలిపి పట్టుకోవలసిన సన్నని ఇనుప కడ్డీని ఆయన జిప్ టైలతో హ్యాండిల్‌కే బిగించి ఉంచారు. అలా కడితే వేళ్లు నొప్పి పుట్టవని, సంచిలోని గడ్డి పారబోయడానికి వెళ్లిన ప్రతిసారీ ఇంజను ఆగిపోయి మళ్లీ తాడు లాగే బాధ ఉండదని చెప్పారు. మరి ఆపడం ఎలా అని అడిగితే, స్పార్క్ ప్లగ్ మీది రబ్బరు టోపీ పీకేస్తే ఆగిపోతుందన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అనుమానంగా ఉంది. పైగా మా వెనక పెరడు కంచె వైపు బాగా వాలుగా ఉంటుంది, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు. ఇలా కట్టేసి వాడేవారు ఎవరైనా ఉన్నారా? ఇది నిజంగా అంత ప్రమాదమా?

రేపల్లె_రెంచ్
ఈరోజే ఆ టైలు కత్తిరించెయ్యండి, అంతవరకు యంత్రాన్ని స్టార్ట్ చెయ్యవద్దు. నేను చిన్న ఇంజన్లు బాగుచేసే పనిలో ఉన్నాను కాబట్టి ఆ కడ్డీ ఏం చేస్తుందో కాస్త వివరంగా చెబుతాను. మీ దగ్గరున్న లాంటి మామూలు మూవర్‌లో బ్లేడును నేరుగా ఇంజను షాఫ్టుకే బోల్టుతో బిగిస్తారు, మధ్యలో క్లచ్ అనేది ఉండదు. ఇంజను తిరిగినంతసేపూ బ్లేడు తిరుగుతుంది. కడ్డీ వదిలితే దానికున్న కేబులు వదులై, ఇంజను పైభాగంలో షాఫ్టుతోపాటు తిరిగే చక్రమైన ఫ్లైవీల్‌కు ఒక బ్రేకు ముక్క వచ్చి నొక్కుకుంటుంది, అదే సమయంలో స్పార్క్ కూడా ఆగిపోతుంది. కడ్డీ వదిలిన 3 సెకన్లలోగా బ్లేడు ఆగి తీరాలని అమెరికా వినియోగదారుల భద్రతా సంఘం నిబంధన పెట్టింది. ఇది 1982 నుంచి అమలులో ఉంది.

బ్లేడు వేగం ఎంతో ఒక్కసారి లెక్క వేసుకోండి. 21 అంగుళాల బ్లేడు నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే దాని కొస వేగం గంటకు సుమారు 300 కిలోమీటర్లు. మీరు కాలు జారి పడినప్పుడు ఆ వేగంతో తిరిగే ఇనుము ఆగాలంటే మీ చెయ్యి కడ్డీని వదలడం ఒక్కటే దారి, ఎందుకంటే పడిపోతున్న మనిషి ఇంకే పనీ చెయ్యలేడు. ఆయన ఆ దారినే మూసేశారు. ఇక నడుస్తున్న ఇంజను మీద స్పార్క్ ప్లగ్ టోపీ చేత్తో పీకడమంటే, వేల వోల్టుల షాకు తగిలే అవకాశం ఒకవైపు, తిరిగే బ్లేడుకు జానెడు దూరంలో వంగి నిలబడడం మరొకవైపు.

పాతకాపు_ప్లేనో
రెంచ్ గారు చెప్పిన యంత్ర వివరాలతో నాకు పేచీ లేదు గాని, ఇంత భయపెట్టడం అవసరమా అనిపిస్తోంది. నేను చాలా ఏళ్లుగా కడ్డీ కట్టేసే కోస్తున్నాను, ఏమీ కాలేదు. మా స్థలం చదునుగా ఉంటుంది, పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయారు, నా వేళ్లకు కీళ్లవాతం ఉంది. ఆ కడ్డీని గంటసేపు పిడికిలిలో బిగించి పట్టుకోవడం నాకు నిజంగా కష్టం. సంచి నిండినప్పుడల్లా ఆపి, మళ్లీ తాడు లాగడం భుజానికి ఇంకా కష్టం. జాగ్రత్తగా ఉండే మనిషికి కూడా ఇదే నియమమా?

ఈఆర్_నర్సమ్మ
పాతకాపు గారూ, మీ నొప్పి నిజమని నమ్ముతున్నాను, అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. కానీ మా అత్యవసర విభాగానికి వేసవిలో వచ్చేవారిలో అజాగ్రత్త మనుషులు ఎక్కువని మీరు అనుకుంటే పొరపాటు. చేతికి తగిలిన దెబ్బలలో ఎక్కువ భాగం గడ్డి బయటికి వచ్చే దారిలో ఇరుక్కున్న ముద్దను తీయబోయినప్పుడు జరిగినవి. పాదాలకు తగిలిన దెబ్బలలో ఎక్కువ భాగం మూవర్‌ను తమ వైపు లాక్కుంటున్నప్పుడు జరిగినవి. వెనక్కి నడుస్తూ తట్టుకొని కూర్చుండిపోతారు, యంత్రం పాదాల మీదికి వస్తుంది. కడ్డీ వదిలితే ఆగే యంత్రమైతే కొన్నిసార్లు చెప్పు చిరిగి ఊరుకుంటుంది. కట్టేసిన యంత్రమైతే మనిషి చేతులు వదిలినా అది తన పని తాను చేసుకుంటూ పోతుంది.

ఇంకొక సంగతి, మూవర్ గాయం కత్తి గాయంలా శుభ్రంగా ఉండదు. బ్లేడు మట్టిని, గడ్డిని, సాక్సు దారాలను కండలోకి కుక్కుతుంది. వాటిని కడగడానికే ఒకటికి రెండుసార్లు ఆపరేషన్ థియేటర్‌కు తీసుకువెళ్లవలసి రావచ్చు, ధనుర్వాతం టీకా సంగతి సరేసరి. మీకు ఇన్నేళ్లుగా ఏమీ కాకపోవడం నాకు సంతోషమే, అది అలాగే ఉండాలనే ఇదంతా చెబుతున్నాను.

రేపల్లె_రెంచ్
కడ్డీ కట్టేసే వారిని నేను చాలామందిని చూశాను. వారిలో ఎక్కువమంది కారణం వేళ్ల నొప్పి కన్నా తాడు మళ్లీ లాగడమే. దానికి యంత్రంలోనే పరిష్కారం ఉంది. బ్లేడ్ బ్రేక్ క్లచ్ ఉన్న మూవర్లలో కడ్డీ వదిలితే బ్లేడు ఒక్కటే ఆగుతుంది, ఇంజను నడుస్తూనే ఉంటుంది. సంచి పారబోసి వచ్చి మళ్లీ బ్లేడు తిప్పుకోవచ్చు. ధర కొంచెం ఎక్కువే గాని పాతకాపు గారి లాంటి వారికి అది సరైన యంత్రం. ఎలక్ట్రిక్ స్టార్ట్ ఉన్నవీ వస్తున్నాయి. అసలు సంచే తీసేసి మల్చింగ్ మూత పెట్టి కోస్తే గడ్డి సన్నగా తరిగి నేల మీదే పడుతుంది, మధ్యలో ఆపవలసిన అవసరం చాలావరకు పోతుంది. ఒక్కసారికి గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి కోయకుండా ఉంటే ముద్దలు కట్టదు, నేలకూ మంచిది.

పాతకాపు_ప్లేనో
క్లచ్ ఉన్న రకం సంగతి నాకు తెలియదు. ఈ వారాంతంలో వెళ్లి చూస్తాను. అయితే చదును నేల మీద ప్రమాదం తక్కువనే నా అభిప్రాయం మాత్రం మారలేదు.

చార్లెట్_వాలు
చదును నేల వారికి ఎలా ఉన్నా, ఫ్రిస్కో గారి పెరడు వాలు అన్నారు కాబట్టి అది ముందు తేలాలి. మాది నార్త్ కరోలినా, ఇక్కడ సమతలంగా ఉన్న పెరడు దొరకడమే అరుదు. వెనక నడిచే మూవర్‌ను వాలుకు అడ్డంగా, అంటే ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు నడపాలి. పైకి కిందికి నడపకూడదు. పైకి నెడుతున్నప్పుడు మీరు జారితే అది మీ మీదికి వస్తుంది, కిందికి దించుతున్నప్పుడు జారితే మీ కాళ్లు డెక్, అంటే బ్లేడును కప్పే మూత, కిందికి పోతాయి. కూర్చొని నడిపే మూవర్లకు నియమం దీనికి సరిగ్గా తలకిందులు, అవి అడ్డంగా వెళ్తే పక్కకు దొర్లిపడతాయి కాబట్టి వాలు వెంట నిలువునా నడపాలి. చాలామంది ఈ రెంటినీ కలగలిపేస్తారు.

ఎక్కువ మాన్యువళ్లలో 15 డిగ్రీల కన్నా ఎక్కువ వాలు ఉంటే కోయవద్దని ఉంటుంది. 15 డిగ్రీలంటే 10 అడుగుల దూరానికి సుమారు 2.7 అడుగుల ఎత్తు. నేల మీద ఒక పొడవాటి చెక్క పరిచి దాని మీద ఫోను పెడితే లెవల్ చూపించే యాప్‌లో డిగ్రీలు కనిపిస్తాయి.

కొత్తిల్లు_ఫ్రిస్కో
టైలు కత్తిరించేశాను. వాలు కూడా కొలిచాను. పెరట్లో ఎక్కువ భాగం 8, 9 డిగ్రీలకు మించలేదు గాని కంచె పక్కన ఒక పట్టీ మాత్రం 19 చూపించింది. అక్కడ ఏం చెయ్యాలి? అదిగాక మొన్న వాన తరువాత గడ్డి ఒక్కసారిగా ఎదిగింది, ఎత్తు తగ్గించమని ఇళ్ల యజమానుల సంఘం హెచ్‌ఓఏ నుంచి ఉత్తరం వచ్చింది. నేల ఇంకా తడిగానే ఉంది. తడిలోనే కోసెయ్యవచ్చా?

పాతకాపు_ప్లేనో
ఉత్తరం వచ్చిందంటే కోసెయ్యడమే మంచిది, లేకపోతే జరిమానా వేస్తారు. ఎత్తు ఎక్కువ పెట్టి నెమ్మదిగా కోస్తే తడిలోనూ తెగుతుంది.

చార్లెట్_వాలు
దీనితో నేను ఏకీభవించను. తడి గడ్డి మీద బూటు జారే తీరు వాలు మీద నిలబడినప్పుడే తెలుస్తుంది, మీ పట్టీ ఏమో 19 డిగ్రీలు. హెచ్‌ఓఏకు ఒక ఈమెయిల్ రాసి, నేల ఆరగానే కోస్తామని తేదీతో చెప్పండి. చాలా సంఘాలు సరిదిద్దుకోవడానికి ముందు గడువు ఇస్తాయి. ఆ 19 డిగ్రీల పట్టీలో మూవర్ అసలు పెట్టవద్దు. గట్టి నేల మీద నిలబడి, తిరిగే ప్లాస్టిక్ తీగతో గడ్డి కొట్టే స్ట్రింగ్ ట్రిమ్మర్‌తో కొట్టండి, తీరిక దొరికినప్పుడు గడ్డి తీసేసి నేలను కప్పే మొక్కలేవైనా వేసెయ్యండి. మేము అలాగే చేశాము, ఇప్పుడు ఆ మూలకు మూవర్ వెళ్లే పనే లేదు.

రేపల్లె_రెంచ్
తడి గడ్డితో నా వైపు నుంచి ఇంకొక కష్టం, అది డెక్ లోపల అట్టలా అంటుకొని బయటికి వెళ్లే దారిని మూసేస్తుంది. నర్సమ్మ గారు చెప్పిన చేతి గాయాలు మొదలయ్యేది అక్కడే. ఇరుక్కున్నప్పుడు చెయ్యవలసిన పని వరుసగా చెబుతాను. కడ్డీ వదలండి, బ్లేడు పూర్తిగా ఆగిందని నిర్ధారించుకోండి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి ప్లగ్‌కు దూరంగా వంచి పెట్టండి, ఆ తరువాత కర్రతో గాని చెక్క గరిటెతో గాని ముద్దను తోసెయ్యండి. చెయ్యి పెట్టవద్దు. ఇంజను ఆగే ఉంది కదా, వైరు ఎందుకు ఊడదీయాలి అని చాలామంది అడుగుతారు. బ్లేడును చేత్తో తిప్పితే షాఫ్టు తిరుగుతుంది, షాఫ్టు తిరిగితే పిస్టన్ కదులుతుంది, లోపల పెట్రోలు ఆవిరి ఉంటే వేడి ఇంజను ఒక్క పేలుడుకైనా అంటుకోవచ్చు. అర చుట్టు చాలు, వేళ్లు పోవడానికి.

యంత్రాన్ని పక్కకు వాల్చవలసి వస్తే ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ ఉన్న వైపు ఆకాశానికి ఉండేలా వాల్చండి. తలకిందులుగా వాలిస్తే ఇంజనాయిలు ఫిల్టర్‌లోకి, పెట్రోలు నేల మీదికి వస్తాయి.

సన్నీవేల్_బ్యాటరీ
ఈ తాడు లాగడాలు, పెట్రోలు కారడాలు లేని బ్యాటరీ మూవర్లు ఇప్పుడు అన్ని దుకాణాల్లో ఉన్నాయి. మా కాలిఫోర్నియాలో 2024 నుంచి పెట్రోలు మూవర్ల కొత్త తయారీకి అడ్డుకట్ట వేస్తూ నిబంధనలు వచ్చాయి కూడా. కడ్డీ వదిలితే ఆగుతుంది, మళ్లీ బటన్ నొక్కి కడ్డీ పట్టుకుంటే తిరుగుతుంది. పాతకాపు గారి తాడు సమస్య దానితో తీరిపోతుంది.

రేపల్లె_రెంచ్
తాడు సమస్య తీరుతుందన్నది నిజమే. అయితే బ్యాటరీ మూవర్‌లో ఇంకొక రకమైన జాగ్రత్త కావాలి. పెట్రోలు ఇంజను నడుస్తుంటే చప్పుడే మనిషిని హెచ్చరిస్తుంది. బ్యాటరీది నిశ్శబ్దంగా, బటనుకు సిద్ధంగా ఉంటుంది. దానిని వాల్చే ముందు, బ్లేడు ముట్టుకునే ముందు బ్యాటరీ బయటికి తీయాలి, భద్రతా తాళం ఉన్న రకమైతే ఆ తాళం తీసి జేబులో వేసుకోవాలి. తాళాన్ని యంత్రానికే వదిలేసి గరాజ్‌లో పెట్టేవారు చాలామంది ఉన్నారు, పిల్లలున్న ఇంట్లో అది అస్సలు పనికిరాదు. చార్జరు కూడా ఆ బ్యాటరీతో వచ్చినదే వాడాలి.

ఇద్దరుపిల్లల_తల్లి
పిల్లల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. వెనక నడిచే మూవర్ నడపడానికి కనీసం 12 ఏళ్లు, కూర్చొని నడిపేదానికి కనీసం 16 ఏళ్లు ఉండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచిస్తుంది. నడపడం సంగతి పక్కన పెడితే, కోస్తున్నంతసేపూ చిన్నపిల్లలు ఇంటి లోపల ఉండాలి. పెరటి తలుపు గొళ్లెం వేసి, లోపల ఒక పెద్దమనిషి వారితో ఉండాలి. మా పక్కింటి వారు కోస్తుండగా ఒక గులకరాయి ఎగిరి మా వంటింటి అద్దానికి తగిలింది. కిటికీ మూసి ఉంది కాబట్టి అద్దంతో పోయింది. ఆ అద్దానికి ఇవతల మా చిన్నవాడి కుర్చీ ఉంటుంది.

కొత్తిల్లు గారూ, ప్రతిసారీ స్టార్ట్ చేసే ముందు పెరడంతా ఒకసారి నడిచి చూడండి. బొమ్మలు, కుక్క కొరికి వదిలిన ఎముకలు, టెంటు మేకులు, క్రిస్మస్ దీపాల వైరు ముక్కలు, పైకి లేచి ఉన్న స్ప్రింక్లర్ తలలు, ఇవన్నీ గడ్డిలో దాక్కుంటాయి. గడ్డి పక్కకు ఎగిరే దారి మీద ఉండే మూతను ఎవరైనా పీకేసి ఉంటే మళ్లీ పెట్టించండి. పాత యంత్రాల్లో అది తరచుగా కనబడదు.

కొత్తిల్లు_ఫ్రిస్కో
మీరు చెప్పాక వెళ్లి చూశాను, పక్క మూత ఉంది గాని దాని స్ప్రింగు పోయి ఊరకే వేలాడుతోంది. స్ప్రింగు విడిగా దొరుకుతుందా?

రేపల్లె_రెంచ్
దొరుకుతుంది, డెక్ మీద అంటించిన మోడల్ నంబరు చెప్తే ఇస్తారు. అది పెట్టేదాకా సంచి తగిలించి గాని మల్చింగ్ మూత పెట్టి గాని వాడండి, పక్క దారి తెరిచి కోయవద్దు.

అల్ఫరెటా_లక్ష్మి
మా ఇంట్లో కష్టం ఇంకొక రకం. మా నాన్నగారు ఒంగోలు నుంచి ఆరు నెలల కోసం వచ్చారు. పొద్దుటే లేచి ఊరికే కూర్చోలేక, మేము ఆఫీసు పనిలో ఉండగా మూవర్ తీసి కోసేస్తున్నారు. అడ్డపంచె, హవాయి చెప్పులు, చెవులకు గాని కళ్లకు గాని ఏమీ లేవు. కాదంటే నొచ్చుకుంటారు. ఊళ్లో ట్రాక్టరు నడిపినవాడిని, ఈ బొమ్మకు భయపడతానా అంటారు. ఆయన వయసుకు మేము తీసుకున్న సందర్శకుల ఇన్సూరెన్సులో పరిమితులు చాలా ఉన్నాయి. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఈఆర్_నర్సమ్మ
లక్ష్మి గారూ, పని వద్దని చెప్పకండి, పని చెయ్యడానికి తగిన బట్టలు కొనిపెట్టండి. ముందు భాగంలో స్టీలు ఉన్న బూట్లు, పొడుగు ప్యాంటు, పక్కలు కూడా మూసిన కళ్లద్దాలు, చెవి మఫ్లు, ఈ నాలుగూ ఆయన కొలతకే తెచ్చి, ఆయన సామాను అని వేరుగా ఒక కొక్కేనికి తగిలించండి. పెట్రోలు మూవర్ చప్పుడు 90 డెసిబెల్స్ దాకా ఉంటుంది, 85 దాటిన చప్పుడులో ఎక్కువసేపు ఉంటే వినికిడి దెబ్బతింటుంది. పెద్దవారికి ఇప్పటికే తగ్గి ఉంటుంది కాబట్టి ఆ మాట చెబితే వింటారు. పంచె సంగతి మాత్రం గట్టిగానే చెప్పండి. వదులుగా వేలాడే గుడ్డ చక్రానికో కాలికో చుట్టుకొని మనిషిని పడేస్తుంది. జార్జియా ఎండలో మధ్యాహ్నం కోయనివ్వకండి, మంచు ఆరిన తరువాత, ఎండ ముదరక ముందు కోయడం మంచిది. రక్తపోటు మాత్రలు వాడేవారైతే ఇది ఇంకా ముఖ్యం.

నెల్లూరు_నాన్న
లక్ష్మి గారూ, నేను మీ నాన్నగారి వయసువాడినే, ప్రస్తుతం ఒహాయోలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. ఇంట్లో ఊరికే కూర్చుంటే మాకు పొద్దుపోదు, పిల్లలకు ఏదో ఒక పని తగ్గించామన్న తృప్తి కావాలి. మా అబ్బాయి నన్ను ఆపలేదు. మాన్యువల్ ముందు పెట్టి, నాన్నా మీరు చదివి నాకు చెప్పండి అన్నాడు. చదివిన తరువాత బూట్లు నేనే అడిగి కొనిపించుకున్నాను. మీ నాన్నగారు ట్రాక్టరు నడిపినవారు కాబట్టి పీటీవో షాఫ్టు, అంటే ట్రాక్టరు వెనక పనిముట్లను తిప్పే ఇరుసు, తెలిసే ఉంటుంది, దాని పక్కన పంచె కట్టుకొని ఎవరూ నిలబడరు. మూవర్ బ్లేడు కూడా ఆ జాతిదేనని ఒక్క మాట చెప్పండి, ఆయనకు వెంటనే అర్థమవుతుంది.

అల్ఫరెటా_లక్ష్మి
నాన్నగారికి మీ మాటలు చదివి వినిపించాను. పీటీవో అన్న మాట దగ్గర తల ఊపారు. బూట్ల సైజు అడిగితే చెప్పారు, అది చాలు నాకు ప్రస్తుతానికి.

చార్లెట్_వాలు
లక్ష్మి గారూ, జార్జియాలోనూ మా దగ్గరా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఎల్లో జాకెట్ కందిరీగలు నేలలో బొరియలు చేసుకొని ఉంటాయి. మూవర్ అదురుకు గుంపుగా లేచి వస్తాయి. అప్పుడు యంత్రాన్ని వెంట లాక్కుపోవాలని చూడకుండా కడ్డీ వదిలేసి ఇంట్లోకి పరుగెత్తాలి. కట్టేసిన కడ్డీ ఉంటే అక్కడ తిరుగుతున్న బ్లేడును వదిలి పరుగెత్తినట్టే. టెక్సస్ వారికి ఫైర్ యాంట్స్ అనే కుట్టే చీమల పుట్టలతో ఇదే అవస్థ. చదును నేల మీద ప్రమాదం తక్కువన్న పాతకాపు గారు దీన్ని కూడా ఆలోచించాలని నా మనవి.

పాతకాపు_ప్లేనో
ఫైర్ యాంట్స్ మా పెరట్లో ఉన్నమాట నిజం. పుట్ట మీదికి మూవర్ వెళ్లినప్పుడు కాళ్లకు ఎక్కేస్తాయి, అప్పుడు మనిషి గంతులు వెయ్యడమే గాని బ్లేడు గురించి ఆలోచించే స్థితిలో ఉండడు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

మణికొండ_మూర్తి
ఈ చర్చ అమెరికా ఇళ్ల గురించే సాగుతోంది గాని, ఇక్కడ హైదరాబాదులో మా లాంటి గేటెడ్ కమ్యూనిటీలలో మూవర్ వెనక నడిచేది ఇంటి యజమాని కాదు, తోటమాలి. మా సంఘం కార్యవర్గంలో నేను ఒకడిని. మాది కరెంటుతో నడిచే మూవర్, దానికి చాలా పొడవాటి వైరు ఉంది. నిన్న మీ మాటలు చదివాక కిందికి దిగి చూశాను. వైరుకు మూడు చోట్ల అతుకులు, నల్ల టేపుతో చుట్టినవి. పొద్దున స్ప్రింక్లర్లు నడిచిన తడి పచ్చిక మీదుగా ఆ అతుకులు ఈడ్చుకుపోతున్నాయి. మాలి కాళ్లకు రబ్బరు చెప్పులు మాత్రమే ఉన్నాయి. నాకు చాలా బాధ కలిగింది. కార్యవర్గంలో పెట్టడానికి ఏమేమి అడగాలో చెప్పండి.

రేపల్లె_రెంచ్
మూర్తి గారూ, అన్నిటికన్నా ముందు ఆ వైరును ఈరోజే పక్కన పెట్టించండి. అతుకు లేని, దళసరి రబ్బరు తొడుగున్న మూడు తీగల కేబులు ఒకే ముక్కగా కొనండి. టేపు నీటిని ఆపదు, 230 వోల్టుల కరెంటుకు తడి నేల చాలు. ఆ మూవర్‌కు కరెంటు ఇచ్చే సాకెట్టుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. కరెంటు నేలలోకి గాని మనిషిలోకి గాని లీకైతే క్షణంలో సరఫరా ఆపేది అదే, ఎక్కువ కరెంటు లాగినప్పుడు మాత్రమే పడే మామూలు ఎమ్‌సీబీ ఆ పని చెయ్యదు. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కితే పడిపోవాలి. పడకపోతే మార్పించండి.

కోసే పద్ధతి కూడా మాలికి పక్కన నిలబడి చూపించాలి. సాకెట్టుకు దగ్గరగా మొదలుపెట్టి దూరంగా జరుగుతూ పోవాలి, అప్పుడు వైరు ఎప్పుడూ కోసిన వైపే ఉంటుంది, బ్లేడు కిందికి రాదు. వైరును భుజం మీదుగా వేసుకోవడం మంచి అలవాటు. గడ్డి ఇరుక్కుంటే యంత్రం మీది స్విచ్చి ఆపితే సరిపోదు, ప్లగ్గు గోడ నుంచి ఊడదీసిన తరువాతే ముట్టుకోవాలి.

ఈఆర్_నర్సమ్మ
మూర్తి గారూ, బూట్లు సంఘం డబ్బుతోనే కొనివ్వండి, జీతంలో కోయవద్దు. కాంట్రాక్టరు పంపిన మనిషే అయినా మీ పచ్చిక మీద పనిచేస్తున్నాడు. ఏదైనా జరిగితే ఏం చెయ్యాలో సెక్యూరిటీ వారికి కూడా నేర్పండి. కరెంటు షాకు అయితే మనిషిని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపాలి. వేలు తెగితే గాయం మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి 108కి ఫోను చెయ్యాలి, అమెరికాలో అయితే 911. తెగిన వేలిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు ఉన్న ఇంకొక సంచిలో పెట్టాలి. వేలిని నేరుగా ఐసులో పెడితే కణజాలం చచ్చిపోతుంది, తిరిగి అతికించడానికి పనికిరాదు.

ఇద్దరుపిల్లల_తల్లి
పెట్రోలు గురించి ఎవరూ ఎక్కువ చెప్పలేదు. గరాజ్ తలుపు తెరిచి ఉంది కదా అని లోపలే స్టార్ట్ చేసేవారిని చూశాను. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, అది ఇంట్లోకి కూడా వస్తుంది. బయటికి తోసుకువచ్చాకే స్టార్ట్ చెయ్యాలి. మధ్యలో పెట్రోలు అయిపోతే ఇంజను చల్లారిన తరువాతే పొయ్యాలి.

రేపల్లె_రెంచ్
డబ్బాను బంకులో నింపేటప్పుడు కూడా కారు డిక్కీలో ఉంచి నింపకూడదు, కింద నేల మీద పెట్టి నింపాలి. డిక్కీ తివాచీ మీద పుట్టే స్టాటిక్ నిప్పురవ్వకు పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. అమెరికా బంకుల్లో 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వాడవచ్చు, 15 శాతం ఉన్నది చిన్న ఇంజన్లలో పొయ్యకూడదు.

కొత్తిల్లు_ఫ్రిస్కో
రెంచ్ గారు చెప్పినట్టు టైలు తీసేశాక చదును వాకిలి మీద పరీక్షించాను. కడ్డీ వదిలితే ఇంజను ఆగుతోంది గాని వెంటనే కాదు, 5 సెకన్ల పైనే పడుతోంది. ఏళ్ల తరబడి కట్టేసి ఉంచినందువల్ల ఏదైనా పాడైందా?

రేపల్లె_రెంచ్
5 సెకన్లంటే అది పనిచెయ్యనట్టే లెక్క, ఇంకా గడ్డి కోయవద్దు. ముందు కేబులు చూడండి. పైతొడుగు లోపల తుప్పు పట్టి తీగ నెమ్మదిగా జారుతూ ఉండవచ్చు. కేబులు స్వేచ్ఛగా కదులుతుంటే, ఫ్లైవీల్ మీద నొక్కే బ్రేకు ప్యాడు అరిగి ఉంటుంది గాని దాని స్ప్రింగు నీరసించి ఉంటుంది గాని. కేబులు మీరే మార్చుకోగలరు, బ్రేకు కోసం పై కవరు, పెట్రోలు ట్యాంకు విప్పవలసి రావచ్చు కాబట్టి అలవాటు లేకపోతే షాపులో ఇవ్వండి. ఇచ్చేటప్పుడు 3 సెకన్లలో ఆగాలని నోటితో చెప్పి, తీసుకునేటప్పుడు మీ ముందే నడిపించి ఆపి చూపించమనండి. దానితోపాటే బ్లేడుకు పదును కూడా పెట్టించండి.

కొత్తిల్లు_ఫ్రిస్కో
షాపులో ఇచ్చాను. కేబులు తుప్పు పట్టిందన్నారు, కొత్తది వేసి నా ముందే చూపించారు. కడ్డీ వదిలిన వెంటనే టక్కున ఆగింది. పదును మాత్రం ఈసారి నుంచి నేనే పెట్టుకుందామనుకుంటున్నాను, దానిలో గమనించవలసింది ఏమిటి?

రేపల్లె_రెంచ్
వైరు ఊడదీయడం తెలిసిందే. దళసరి చేతి తొడుగులు వేసుకొని, బ్లేడుకు డెక్‌కు మధ్య ఒక చెక్క ముక్క అడ్డం పెట్టి బోల్టు విప్పండి. విప్పే ముందు బ్లేడు ఏ వైపు పైకి ఉందో ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి, తిరగేసి బిగించినవి నా దగ్గరికి ప్రతి ఏడాదీ వస్తాయి. ఆకురాయితో రెండు కొసలకూ సమానంగా పదును పెట్టి, నడిమి చిల్లును గోడ మేకుకు తగిలించి చూడండి. ఒక వైపు కిందికి వాలితే ఆ వైపు ఇంకాస్త అరగదీయాలి. బరువు తేడా ఉన్న బ్లేడు అదిరి ఇంజనునే పాడుచేస్తుంది. పగులు గాని, కొస దగ్గర రేకులా పలచబడిన చోటు గాని కనబడితే పదును పెట్టవద్దు, కొత్తది కొనండి. బిగించేటప్పుడు మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు, అంటే బిగింపు బలానికి, టార్క్ రెంచితో బిగించండి, చేతి అంచనా వద్దు.

మణికొండ_మూర్తి
మా కార్యవర్గం కొత్త కేబులుకు, ఆర్‌సీసీబీకి, మాలీలిద్దరికీ బూట్లకు, కళ్లద్దాలకు ఒప్పుకుంది. మాలీలకు చేతి తొడుగులు కూడా ఇవ్వాలా? మూవర్ నడిపేటప్పుడు పట్టు జారుతుందేమోనని ఒకరు అభ్యంతరం చెప్పారు.

రేపల్లె_రెంచ్
అరచేతి వైపు రబ్బరు పూత ఉన్న, చేతికి సరిపోయే తొడుగులు ఇవ్వండి, వాటితో పట్టు ఇంకా బాగుంటుంది. వదులుగా ఉండే నూలు తొడుగులు ఇవ్వవద్దు, ఆ అభ్యంతరం వాటి విషయంలో సరైనదే.